చక్రాల మీద చిన్న ఇల్లు: హైదరాబాద్‌లో ఎవరికి పనికొస్తుంది

చెక్కతో కట్టిన బుల్లి ఇల్లు, కింద చక్రాలు, లోపల మడత మంచం, పైన అటక మీద పరుపు, కిటికీలోంచి చెట్లు. ఈ వీడియోలు ఇప్పుడు తెలుగులో కూడా బోలెడు వస్తున్నాయి. శంకర్‌పల్లి, చేవెళ్ల, కడ్తాల్ వైపు ఫార్మ్ ప్లాట్ కొన్నవాళ్లు, సిటీలో ఫ్లాట్ కొనే దారి కనపడక అద్దెలు కడుతున్నవాళ్లు, ఇద్దరూ వీటిని సీరియస్‌గానే చూస్తున్నారు. చిన్న ఇంట్లో బతకడం మనకి కొత్త కాదు, ఒక గది ఒక వసారాలో సంసారాలు ఈదిన పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. కానీ ఆ ఇంటికి అసలు చక్రాలు ఎందుకు పెట్టారు అనేది మాత్రం ఎవరూ అడగట్లేదు, అది తేల్చుకోకుండా దిగితే చక్రాలకి ఒక ఖర్చు, చక్రాలు తెచ్చే తలనొప్పులకి ఇంకో ఖర్చు.

చక్రాలు అమెరికాలో పుట్టిన ఉపాయం. అక్కడ చాలా ఊళ్లలో ఇల్లు ఇంతకంటే చిన్నది కట్టకూడదు అని రూల్స్ ఉంటాయి, అందుకే 1999లో అయోవాలో జే షేఫర్ అనే ఆయన తన చిన్న ఇల్లు ట్రైలర్ మీద కట్టుకున్నాడు, ట్రైలర్ మీద ఉంటే అది లెక్కకి ఇల్లు కాదు, బండి. 2005లో కత్రినా తుఫాను, 2008లో ఇళ్ల లోన్లు మునగడం, వీటి తర్వాత ఆ ఆలోచన బాగా పాకింది. ఆ ఇళ్లన్నీ ఎనిమిదిన్నర అడుగుల వెడల్పే ఉండటం కూడా అందం కోసం కాదు, స్పెషల్ పర్మిట్ లేకుండా అక్కడి రోడ్ల మీద లాగగలిగేది అంతే. 2018 నాటి అమెరికా ఇళ్ల నిర్మాణ కోడ్‌లో 400 చదరపు అడుగుల లోపు ఇళ్లకి విడిగా ఒక అనుబంధం చేర్చి, అటక ఎత్తు ఎంత, నిచ్చెన ఎలా ఉండాలి, మంటలొస్తే ఏ కిటికీలోంచి బయటపడాలి అని రాశాక అక్కడే చాలామంది చక్రాలు తీసేసి పునాది మీద కట్టుకునే వీలు దొరికింది.

ఇప్పుడు మన సంగతి చూడండి. తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ అనే ఇంటి పర్మిషన్ల చట్టం ప్రకారం 75 గజాల లోపు ప్లాట్‌లో 7 మీటర్ల ఎత్తు దాటకుండా కట్టుకునే ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో ఒక్క రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 75 గజాలంటే 675 చదరపు అడుగులు, అంటే వీడియోల్లో చూసే చక్రాల ఇంటికి రెండు మూడు రెట్లు. చిన్న ఇల్లు కడతానంటే ఇక్కడ ఎవరూ అడ్డం పడట్లేదు. అడ్డం పడేది నేల రేటు, చక్రాలున్నా లేకపోయినా ఇల్లు ఆగడానికి నేల కావాలి కదా. అమెరికాలో చక్రాలు పరిష్కరించిన సమస్య మనకి లేదు, మనకున్న సమస్యని చక్రాలు పరిష్కరించవు. మిగతా లెక్కలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

పోనీ బండిగానే వాడుకుందాం అంటే రోడ్డు రూల్స్ వస్తాయి. బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు, అది కూడా దాదాపు ఎనిమిదిన్నర అడుగులే. సొంతానికి వాడుకునే క్యాంపర్ వ్యాన్, ట్రైలర్ అనే క్యాటగిరీ కేంద్రం 2004లో ఇచ్చిన నోటిఫికేషన్‌లోనే ఉంది, మోటార్ క్యారవాన్లు ఎలా తయారు చేయాలో ఏఐఎస్ 124 అనే స్టాండర్డ్ కూడా ఉంది, కాబట్టి దారి లేదని కాదు. కానీ ఆ దారి అప్రూవల్ ఉన్న తయారీదారుడి కోసం వేసింది, బాలానగర్‌లో వెల్డర్‌తో ఛాసిస్ చేయించి దాని మీద ఇల్లు ఎక్కించే వాళ్ల కోసం కాదు. ఉన్న వ్యాన్‌నో మినీ బస్సునో మార్చుకుందాం అంటే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా మార్చకూడదు అని, దాన్ని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. ఆర్సీలో ఒకటి, రోడ్డు మీద ఇంకోటి ఉంటే పోలీసులు ఆపడం చిన్న విషయం, యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు వెనక్కి తగ్గితే అది పెద్ద విషయం.

అందుకే హైదరాబాద్ చుట్టుపక్కల నిజంగా నడుస్తున్న పద్ధతి వేరే. మేడ్చల్, జీడిమెట్ల వైపు షెడ్లలో పోర్టా క్యాబిన్ కట్టించి, లారీ మీద తెచ్చి, క్రేన్‌తో దించి, కాంక్రీట్ దిమ్మెల మీద కూర్చోబెడతారు. లేదా పాత షిప్పింగ్ కంటైనర్ తెచ్చుకుంటారు. ఇరవై అడుగుల కంటైనర్ బయట కొలతలు 20 బై 8, ఎత్తు ఎనిమిదిన్నర, ఖాళీదే రెండు టన్నుల పైన ఉంటుంది. రెండు మూడేళ్లకోసారి మారే ఇంటికి ఆక్సిల్, టైర్లు, బ్రేకులు, రిజిస్ట్రేషన్ ఇవన్నీ మోయడం కన్నా మారిన రోజు లారీకీ క్రేన్‌కీ కట్టేయడం చాలా తేలిక. టైర్లు వాడకుండా ఎండలో పెడితే నాలుగైదేళ్లలో పగుళ్లిస్తాయి కూడా. ఒక్క మాట, కదిలే ఇల్లే కదా అని చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు) నాలా పక్కనో పెట్టుకోమని అమ్మేవాళ్లు చెప్తే నమ్మకండి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక అలాంటి జాగాల మీద చూపు ఎలా ఉందో ఊరంతా చూసింది. పైగా నీళ్ల లెక్క ఒకటుంది: మూడు టన్నుల బరువుండి 20 బై 8 అడుగులున్న పెట్టె, లోపలికి నీళ్లు చొరబడకపోతే, దాని అడుగు భాగం 20 సెంటీమీటర్లు మునిగేసరికి తేలడం మొదలెడుతుంది. 2020 అక్టోబర్ 13 రాత్రి వరదకి కార్లు కొట్టుకుపోయిన కాలనీల్లో ఇలాంటి ఇల్లు ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఇక ఎండ. హైదరాబాద్‌లో చిన్న ఇంటికి అసలు పరీక్ష ఇదే. మే 9 చుట్టుపక్కల మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీద ఉంటాడు, నిలబెట్టిన కర్రకి నీడే పడదు, మళ్లీ ఆగస్టు 3 దగ్గర అలాగే. అంటే ఎండాకాలం మధ్యాహ్నం ఎండ గోడల మీద కాదు, మొత్తం పైకప్పు మీద పడుతుంది. 20 బై 8 ఇంటికి కప్పు దాదాపు 15 చదరపు మీటర్లు. ఒట్టి రేకు అయితే ఎండకి 65 డిగ్రీల దాకా కాలి, లోపలికి సుమారు రెండున్నర కిలోవాట్ల వేడి తోస్తుంది. ఒక టన్ను ఏసీ తీయగలిగేదే మూడున్నర కిలోవాట్లు, అంటే ఏసీలో ముప్పావు వంతు కప్పుకే పోతుంది, ఇంట్లో మనుషులకీ పొయ్యికీ మిగిలేది పావు వంతు. అదే కప్పులో 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య వేడి ఆపే ఫోమ్ నింపిన పలక) పెడితే ఆ వేడి 200 వాట్ల దగ్గరికి పడిపోతుంది, పన్నెండో వంతు! ఈ ఒక్క మార్పు ఇంట్లో మిగతా అన్ని సోకుల కన్నా ముఖ్యం, డబ్బు తక్కువైతే టైల్స్ మానేయొచ్చు, చెక్క ప్యానెలింగ్ మానేయొచ్చు, ఇది మాత్రం మానకూడదు.

కానీ పఫ్ పెట్టేశాం అని పడమర గోడకి పెద్ద అద్దం పెడితే చేసిందంతా వృథా. మీటర్ బై మీటర్ మామూలు అద్దం మీద సాయంత్రం నాలుగింటి ఎండ పడితే 500 వాట్ల దాకా లోపలికొస్తుంది, అంటే పఫ్ పెట్టిన మొత్తం కప్పు కన్నా ఒక్క కిటికీ రెండింతలు ఎక్కువ. వీడియోల్లో కనిపించే ఆ పెద్ద అద్దాల గోడలు చలి దేశాల కోసం, అక్కడ ఎండ లోపలికి రావాలి, ఇక్కడ ఆపాలి. ఈ విషయంలో మాత్రం కదిలే ఇంటికి ఒక నిజమైన లాభం ఉంది, పొడుగు గోడలు ఉత్తరం దక్షిణం వైపు వచ్చేలా, పొట్టి గోడలు తూర్పు పడమర వైపు వచ్చేలా ఇంటిని తిప్పి పెట్టుకోవచ్చు. కొన్న ప్లాట్ ఫేసింగ్ ఏదైనా పర్లేదు, వాస్తు చూసుకునే కుటుంబానికి కూడా గుమ్మం ఏ దిక్కుకి పెట్టాలన్నది చేతిలోనే ఉంటుంది.

ఇంకో సంగతి, ఇలాంటి తేలిక ఇంటికి మట్టి గోడల పెంకుటింట్లో ఉండే ఆ నిదానం ఉండదు. ఎండ ఎక్కితే వెంటనే వేడెక్కుతుంది, పొద్దు గూకితే త్వరగా చల్లబడుతుంది. మనది దక్కన్ పీఠభూమి, సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తు, రాత్రిళ్లు కొంచెం గాలి తిరుగుతుంది, కాబట్టి ఎదురెదురుగా రెండు కిటికీలకి దోమల మెష్ కొట్టి రాత్రి తెరిచిపెట్టుకునేలా ఉంటే సగం రోజులు ఏసీ అవసరం పడదు. పగలు ఉండాల్సింది నీడ. వేప చెట్టు కింద పెడితే ఎంత బాగుంటుందో, కానీ సోలార్ పెట్టాలనుకుంటే చెట్టు నీడ పనికిరాదు, ఈ రెండింటికీ పొసగదు. మధ్యేమార్గం ఏంటంటే ప్యానెళ్లనే కప్పుకి ఆరంగుళాలు ఎత్తులో బిగించడం, కరెంటూ వస్తుంది, కింద గాలి ఆడి కప్పుకి నీడా పడుతుంది. 540 వాట్ల ప్యానెళ్లు నాలుగు పడితే రోజుకి ఎనిమిది తొమ్మిది యూనిట్లు వస్తాయి, ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లకి హాయిగా చాలు. రాత్రంతా ఏసీ అంటే మాత్రం పెద్ద బ్యాటరీ కావాలి, దాని రేటు చూశాక చాలామంది కరెంటు కనెక్షనే తీసుకుంటారు. ప్యానెళ్లు కప్పని జాగాకి తెల్ల కూల్ పెయింట్ వేయడం చవక పని, 2023లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే.

కరెంటు అన్నప్పుడు ఎర్తింగ్ గురించి చెప్పకపోతే తప్పవుతుంది, ఎందుకంటే ఇది ప్రాణాల మీదకొచ్చే విషయం. ఇనుప ఫ్రేమ్, ఇనుప గోడలు, కింద రబ్బరు టైర్లు. ఎక్కడైనా వైరు ఒలిచిపోయి బాడీకి తగిలితే ఆ కరెంటు భూమిలోకి పోవడానికి దారి ఉండదు, ఇల్లు మొత్తం కరెంటుతో అలాగే నిలబడి ఉంటుంది. లోపల ఉన్నవాళ్లకి ఏమీ తెలియదు. వానలో తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి గుమ్మం పట్టుకున్న మనిషే ఆ దారి అవుతాడు. సరైన ఎర్త్ పిట్ తవ్వించి బాడీని దానికి కలపడం, మెయిన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) పెట్టడం, ఇల్లు ఎక్కడికి మారితే అక్కడ మళ్లీ మొదటి పని ఇదే చేయడం. దిమ్మెల మీద కూర్చున్న కంటైనర్‌కీ ఇదే రూలు.

బరువు సంగతి త్వరగా. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీట్ ఒకటి దాదాపు 35 కేజీలు, వార్డ్‌రోబ్, మంచం, కిచెన్ కలిపి పాతిక షీట్లంటే టన్నుకి దగ్గరగా పోతుంది. ఆరడుగుల గ్రానైట్ గట్టు యాభై కేజీల పైన. 500 లీటర్ల వాటర్ ట్యాంక్ నిండితే అర టన్ను. ట్రైలర్ అయితే మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడేలా సామాను సర్దాలి, వెనక బరువెక్కితే స్పీడులో తోక ఊగి లాగే బండిని కూడా పడేస్తుంది. నిలిపి ఉంచినప్పుడు బరువు టైర్ల మీద కాక జాకీల మీద ఉండాలి, ఏప్రిల్, మే గాలివానలకి కదలకుండా నేలలోకి యాంకర్లు దిగ్గొట్టాలి.

వీడియోల్లో ఎప్పుడూ రెండు షాట్లలో అయిపోయే నీళ్లు, బాత్రూమ్ దగ్గరే ఇక్కడ చాలా ఇళ్లు ఓడిపోతాయి. మన దేశంలో నగరాలకి మనిషికి రోజుకి 135 లీటర్లు అని ప్రభుత్వ లెక్క, ఇద్దరికి 270, అంటే 500 లీటర్ల ట్యాంక్ రెండు రోజులు కూడా రాదు. బకెట్ స్నానం, చిన్న ఫ్లష్, బట్టలు బయట ఉతకడం, ఇలా మనిషికి 70 దాకా దించొచ్చు, అంతకంటే కిందికి దిగితే మన వంటకీ గిన్నెలకీ సరిపోదు. ఊరి బయట పైప్‌లైన్ లేని ప్లాట్‌లో బోరు పడితే సరే, పడకపోతే 5000 లీటర్ల ట్యాంకర్ ఒక్కటే గతి, ఆ ట్యాంకర్ వచ్చాక నీళ్లు దించుకోవడానికి నేలలో సంపు కావాలి. సంపు తవ్వించాక ఇక ఆ ఇల్లు ఎంత కదిలేదో ఆలోచించండి.

టాయిలెట్ విషయంలో విదేశీ సలహా నేరుగా వాడితే ఇబ్బందే. అక్కడ చక్రాల ఇళ్లలో కంపోస్ట్ టాయిలెట్ వాడతారు, రంపపు పొట్టు వేసి పొడిగా ఉంచుతారు, వాళ్లు కాగితం వాడతారు కాబట్టి అది నడుస్తుంది. మనం నీళ్లు వాడతాం. ఆ నీళ్లు అందులో చేరితే ఎరువు కావడం ఆగి, కుళ్లి, వాసన మొదలవుతుంది. కడుక్కోవడానికి పక్కన వేరే జాగా, వేరే పైపు ఉండేలా కట్టిస్తే తప్ప అది మన ఇంట్లో పని చేయదు, అతిథులకి అది నేర్పడం ఇంకా కష్టం. కింద డబ్బా తీసి ఖాళీ చేసుకునే క్యాసెట్ టాయిలెట్ కొంటే దాన్ని ఖాళీ చేసే స్టేషన్లు అక్కడ ప్రతి క్యాంపింగ్ గ్రౌండ్‌లో ఉంటాయి, మన రోడ్ల మీద ఆ ఏర్పాటు లేదు. మిగిలింది బయో డైజెస్టర్, డీఆర్‌డీఓ తయారు చేసిన టెక్నాలజీ, మన రైళ్లలో ఉన్న బయో టాయిలెట్లు దాని నుంచే వచ్చాయి. నీళ్లతోనే పనిచేస్తుంది, గాలి లేకుండా బతికే బ్యాక్టీరియా మలాన్ని తినేస్తుంది, బయటికొచ్చే నీళ్లు ఇంకుడు గుంతలోకి పంపొచ్చు. ఒక్కటే షరతు, ఫినాయిల్, యాసిడ్ పోయకూడదు, పోస్తే ఆ బ్యాక్టీరియా చచ్చిపోయి అది మామూలు సెప్టిక్ ట్యాంక్ కన్నా అధ్వాన్నం అవుతుంది. పండగ ముందు బాత్రూమ్ యాసిడ్‌తో రుద్దే అలవాటున్న ఇంట్లో ఈ మాట గోడ మీద రాసి పెట్టాలి.

లోపల బతకడం గురించి చెప్పాలంటే మొదట వంట. ఇంగువ, మిరపకాయల పోపు పడితే 160 చదరపు అడుగుల ఇల్లంతా ఒకేసారి దగ్గుతుంది, పరుపుకి పట్టిన వాసన రెండు రోజులు పోదు. మంచి ఎగ్జాస్ట్ పెట్టడం కన్నా తలుపు బయట ఆరడుగుల వసారా దించి పొయ్యి అక్కడ పెట్టుకోవడం మేలు, గ్యాస్ సిలిండర్ కూడా బయటే ఉంటుంది. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది, లోపల పెట్టాల్సి వస్తే నేలకి ఆనుకుని గాలి కన్నాలు ఉండి తీరాలి. తర్వాత సామాను. ఏడాదికి సరిపడా ఆవకాయ జాడీ, 25 కేజీల బియ్యం బస్తా, చలికాలం దుప్పట్లు, దేవుడి గూడు, పిల్లల పుస్తకాలు, ఇవి తగ్గించుకోమని చెప్పడం తేలిక, కానీ ఇవి చెత్త కాదు, జీవితం. అటక మీద పడక అయితే కప్పుకి దగ్గరగా వేడి చేరే చోట పడుకోవడమే, మేలో ఎవరూ పడుకోలేరు, అటకని సామానుకి వదిలి కింద పడుకోవడం మన ఊరికి సరిపోయే పద్ధతి. చుట్టాలు వస్తే వసారా, ఆరుబయట మంచాలు. ముసలివాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇంట్లో ఉంటే చక్రాల మీద ఇల్లు వద్దు, రెండున్నర అడుగుల ఎత్తు గుమ్మానికి రోజుకి పదిసార్లు ఎక్కి దిగడం వాళ్ల వల్ల కాదు.

డబ్బు లెక్క ఎక్కువ సాగదీయక్కర్లేదు. స్థిరాస్తి కాదు కాబట్టి హోమ్ లోన్ రాదు. ఇంటి నంబర్ లేదు కాబట్టి అడ్రస్ ప్రూఫ్ సొంతవాళ్ల ఇంటి మీదే ఉంచుకోవాలి. ఇల్లు అమ్మితే పెరిగిన రేటు రాదు, వాడిన బండికి వచ్చినట్టే తగ్గిన రేటు వస్తుంది, పెరిగేది దాని కింద ఉన్న నేల మాత్రమే. కాబట్టి ఇది పెట్టుబడి కాదు, వాడుకునే వస్తువు, ఆ లెక్కన చూస్తే మూడు రకాల వాళ్లకి బాగానే పనికొస్తుంది: సొంత జాగాలో అసలు ఇల్లు లేచేదాకా అద్దె మిగుల్చుకోవాలనుకునేవాళ్లకి, లీజు భూమిలో నర్సరీయో డెయిరీయో నడుపుతూ అక్కడే ఉండాల్సినవాళ్లకి, తల్లిదండ్రుల ఇంటి వెనక ఖాళీలో విడిగా ఒక గది కావాలనుకున్న కొత్త జంటకి.

వీళ్లందరి కన్నా ఎక్కువ అవసరం ఉన్నవాళ్లు ఇంకొకళ్లున్నారు, వాళ్ల గురించి ఈ చర్చలో ఎవరూ మాట్లాడరు. కోకాపేట, నానక్‌రామ్‌గూడ, తెల్లాపూర్ టవర్లు కడుతున్న పాలమూరు, ఒడిశా, బిహార్ కూలీలు. పని ఉన్న చోటుకి ఇల్లు మారడం వాళ్ల జీవితమే, ఒక సైట్ అయితే ఇంకో సైట్. 2025 నవంబర్‌లో కొత్త లేబర్ కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం 34వ సెక్షన్ వాళ్లకి సైట్‌లోనో దగ్గరలోనో ఉచితంగా తాత్కాలిక వసతి ఇవ్వాలని, వంటకి, స్నానానికి, మరుగుదొడ్డికి విడి జాగా ఉండాలని చెప్పింది, పని అయ్యాక ఆ షెడ్లు తీసేయాలని కూడా చెప్పింది. అంటే ఆ చట్టమే కదిలే ఇల్లు అడిగింది. కానీ చాలా సైట్లలో దొరికేది ఒట్టి రేకుల షెడ్డు, పైన లెక్క వేసిన ఆ రెండున్నర కిలోవాట్ల వేడి కింద, ఏసీ లేకుండా, నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోవాలి.

ఇక్కడ కదిలే ఇంటి లెక్క పూర్తిగా కుదురుతుంది. పఫ్ కప్పున్న ఇరవై అడుగుల క్యాబిన్‌ని మధ్యలో గోడతో రెండు గదులు చేసి, గదికో తలుపు, ఎదురెదురు కిటికీలు, ముందు వసారా పెడితే రెండు కుటుంబాలు ఉండొచ్చు. టవర్ పూర్తవడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, తర్వాత అవే క్యాబిన్లు లారీ ఎక్కి పక్క సైట్‌కి పోతాయి, కాబట్టి ఖర్చు ఒక్క ప్రాజెక్ట్ మీద పడదు. లారీ, క్రేన్ ఎలాగూ కాంట్రాక్టర్ చేతిలోనే ఉంటాయి, సంపు, కరెంటు కనెక్షన్ సైట్‌కి ఎలాగూ తీసుకుంటారు, మామూలు కుటుంబానికి భారమయ్యేవన్నీ ఇక్కడ ముందే ఉన్నాయి. బయో డైజెస్టర్ కూడా ఇరవై మంది వాడేచోట మనిషికి చాలా చవక పడుతుంది. ప్రభుత్వ టెండర్లలో లేబర్ వసతి అని ఒక్క మాట రాసి వదిలేయకుండా కప్పుకి 50 మిల్లీమీటర్ల ఇన్సులేషన్, గదికి రెండు కిటికీలు, ఆడవాళ్లకి తాళం పడే విడి బాత్రూమ్, ఆర్‌సీసీబీ, ఎర్త్ పిట్ అని కొలతలతో సహా రాస్తే కాంట్రాక్టర్లు అవే కట్టిస్తారు, ఎందుకంటే బిల్లు పాసయ్యేది ఆ రాత చూసే.